ఇంగ్లీషు వాక్యంలో కంజంక్షన్, ప్రిపోజిషన్, యాడ్‌వెర్బ్‌లను కలిపి వాడడం ఎలా?

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో కంజంక్షన్లకు (వాక్యాలను కలిపే మాటలకు) ఒక పాఠం, ప్రిపోజిషన్లకు (నామవాచకం ముందు వచ్చి దాన్ని మిగతా వాక్యంతో కలిపే మాటలకు) మరొక పాఠం, యాడ్‌వెర్బ్‌లకు (క్రియా విశేషణాలకు) ఇంకొక పాఠం ఉంటాయి. ప్రతి పాఠంలోనూ కంఠస్థం చేయవలసిన జాబితా ఒకటి ఉంటుంది. వాడుకలో మాత్రం ఈ మూడూ విడివిడిగా ఉండవు. 'షి కేమ్ బ్యాక్ జస్ట్ బిఫోర్ ది రెయిన్ స్టార్టెడ్' అన్న మామూలు వాక్యాన్నే తీసుకోండి. ఇందులో 'బ్యాక్' యాడ్‌వెర్బ్, 'జస్ట్' కూడా యాడ్‌వెర్బే, ఆ 'జస్ట్' అంటిపెట్టుకొని ఉన్న 'బిఫోర్' కంజంక్షన్. జాబితాలు మూడూ నోటికి వచ్చినవారు కూడా ఇలాంటి వాక్యం సొంతంగా రాయవలసి వచ్చినప్పుడు తడబడుతుంటారు. మాట ఏ జాబితాలోదో గుర్తుంచుకోవడం కన్నా, వాక్యంలో దాని తర్వాత ఏముందో చూడడం అలవాటు చేసుకుంటే ఈ తడబాటు చాలావరకు తగ్గుతుందని నా గట్టి నమ్మకం. కింది అడుగులన్నీ ఆ అలవాటు కోసం ఉద్దేశించినవే.

మొదటి అడుగు: మాటకు కుడివైపు చూడండి

'బిఫోర్' అన్న ఒక్క మాటను మూడు వాక్యాల్లో పెట్టి చూడండి.

'వి మెట్ బిఫోర్ ది ఎగ్జామ్.' కుడివైపు ఒక నామవాచకం మాత్రమే ఉంది. కాబట్టి ఇక్కడ 'బిఫోర్' ప్రిపోజిషన్.

'వి మెట్ బిఫోర్ ది ఎగ్జామ్ బిగాన్.' కుడివైపు కర్త, క్రియ ఉన్న వాక్యమే ఉంది. ఇక్కడ అది కంజంక్షన్.

'వి హావ్ మెట్ బిఫోర్.' కుడివైపు ఏమీ లేదు. ఇక్కడ అది యాడ్‌వెర్బ్.

వీటినే తెలుగులో 'పరీక్షకు ముందు', 'పరీక్ష మొదలవకముందు', 'ఇంతకుముందు' అంటాం. 'ముందు' అన్న మాటకు ఎడమవైపున్న రూపం మూడుసార్లూ మారింది కనుక తేడా మనకు వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో 'బిఫోర్' మారదు, దాని పక్క మాటకు ప్రత్యయమూ చేరదు. కుడివైపు ఏముందన్నదే అక్కడ మనకు దొరికే ఆనవాలు.

డెన్మార్క్‌కు చెందిన భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1924లోనే ఈ విషయాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లాడు. ఒక క్రియ కర్మతో వచ్చినా, కర్మ లేకుండా వచ్చినా దాన్ని క్రియ అనే పిలుస్తున్నప్పుడు, ఇలాంటి మాటలను మాత్రం మూడు వర్గాలుగా విడగొట్టడం ఎందుకన్నది ఆయన వాదన. ఆ వాదనతో పూర్తిగా ఏకీభవించకపోయినా, నేర్చుకునేవారికి అది పనికొచ్చే చూపు: మాట ఒకటే, దాని వెంట వచ్చేదే వేరు.

ఇదే పరీక్షను 'సిన్స్' మీద చేయండి. 'సిన్స్ 2019', 'సిన్స్ హి లెఫ్ట్', 'ఐ హావ్ నాట్ సీన్ హిమ్ సిన్స్' అన్నవి వరుసగా ప్రిపోజిషన్, కంజంక్షన్, యాడ్‌వెర్బ్. 'ఆఫ్టర్'ను కూడా ఇలాగే చూడవచ్చు. అయితే అన్ని మాటలూ మూడు పనులూ చేయవు. 'డ్యూరింగ్' ఎప్పుడూ ప్రిపోజిషనే. 'బికాజ్' ఎప్పుడూ వాక్యాన్నే కోరుతుంది, నామవాచకం కావాలంటే దానికి 'ఆఫ్' తోడవ్వాలి. 'డౌన్' అనేది 'డౌన్ ది స్టెప్స్'లో ప్రిపోజిషన్, 'సిట్ డౌన్'లో యాడ్‌వెర్బ్, కంజంక్షన్ మాత్రం కాదు.

ఒక జాగ్రత్త అవసరం. 'ఆఫ్టర్ ది రెయిన్' వరకే చదివి ఆగిపోతే ప్రిపోజిషన్ అనిపిస్తుంది. 'ఆఫ్టర్ ది రెయిన్ స్టాప్డ్' అని పూర్తిగా చదివితే అది కంజంక్షన్. నామవాచకం కనబడగానే తీర్పు చెప్పకుండా, దాని వెంట కాలాన్ని చూపే క్రియ ఉందో లేదో చూసిన తర్వాతే నిర్ణయించుకోండి.

రెండో అడుగు: భావం ఒకటే అయినా, అతుకుకు తగిన మాటను ఎంచుకోండి

ఇంగ్లీషులో కొన్ని భావాలకు మూడు వేర్వేరు మాటలున్నాయి. 'అయినా' అన్న భావానికి 'ఆల్దో' కంజంక్షన్, 'డిస్పైట్' ప్రిపోజిషన్, 'హౌఎవర్' యాడ్‌వెర్బ్. కారణం చెప్పేటప్పుడు 'బికాజ్', 'బికాజ్ ఆఫ్', 'దేర్‌ఫోర్' ఉన్నాయి. ఒకే సమయంలో జరిగినవి చెప్పడానికి 'వైల్', 'డ్యూరింగ్', 'మీన్‌వైల్' ఉన్నాయి. ఒకే సంగతిని మూడు విధాలా రాసి చూస్తే వీటి స్వభావం అర్థమవుతుంది.

'ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, దే వెంట్ అవుట్.' 'డిస్పైట్ ది రెయిన్, దే వెంట్ అవుట్.' 'ఇట్ వాజ్ రెయినింగ్. హౌఎవర్, దే వెంట్ అవుట్.'

మూడో వాక్యంలో ఫుల్‌స్టాప్‌ను గమనించండి. 'హౌఎవర్' యాడ్‌వెర్బ్ కాబట్టి రెండు వాక్యాలను అతికించే శక్తి దానికి లేదు. రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పడమే దాని పని. అందువల్ల దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ ఉండాలి, కామా సరిపోదు. 'దేర్‌ఫోర్', 'మీన్‌వైల్' కూడా ఇంతే. అర్జీలు, ఈమెయిళ్లు రాసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

'డిస్పైట్ ఇట్ వాజ్ రెయినింగ్' అనకూడదు, ప్రిపోజిషన్ తర్వాత నేరుగా వాక్యం రాదు. వాక్యమే కావాలనుకుంటే 'డిస్పైట్ ది ఫ్యాక్ట్ దట్ ఇట్ వాజ్ రెయినింగ్' అని మధ్యలో ఒక నామవాచకాన్ని నిలపాలి. కానీ అంత పొడవు లాగడం కన్నా 'ఆల్దో' వాడడమే నయం. 'ఇన్ స్పైట్'కు 'ఆఫ్' కావాలి, 'డిస్పైట్'కు అక్కర్లేదు.

ఇక రెండు వాక్యాలకు ఒక్క కంజంక్షన్ చాలు. 'ఆల్దో' అని మొదలుపెట్టి మధ్యలో 'బట్' అనడం, 'బికాజ్' అని మొదలుపెట్టి మధ్యలో 'సో' అనడం మనవాళ్ల ఇంగ్లీషులో తరచూ వినబడుతుంది. పాత రచనల్లో 'దో' తర్వాత 'యెట్' వచ్చిన వాక్యాలు కనిపిస్తాయి, అది తప్పు కాదు, కానీ రోజువారీ మాటల్లో దాని అవసరం లేదు. రాసిన తర్వాత వాక్యంలో కాలాన్ని చూపే క్రియలెన్నో, కంజంక్షన్లెన్నో లెక్కపెట్టండి. రెండు క్రియలకు రెండు అతుకులు కనబడితే ఒకదాన్ని తీసేయవచ్చేమో చూడండి.

మూడో అడుగు: ప్రిపోజిషన్ తర్వాత పని చెప్పాలంటే క్రియకు 'ఇంగ్' చేర్చండి

ప్రిపోజిషన్‌కు నామవాచకం కావాలన్నాం. మరి ఒక పనిని చెప్పవలసి వస్తే? ఆ క్రియకు 'ఇంగ్' చేర్చి నామవాచకంలా నిలబెట్టాలి. 'ఎవరికీ చెప్పకుండా' అంటే 'వితౌట్ టెలింగ్ ఎనీవన్'. 'ఎదురుచూడడానికి బదులు' అంటే 'ఇన్‌స్టెడ్ ఆఫ్ వెయిటింగ్'. 'రోజూ చదవడం వల్ల నేర్చుకుంది' అంటే 'షి లర్న్డ్ బై రీడింగ్ ఎవ్రీ డే'.

'టు' దగ్గర ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అది కొన్నిచోట్ల ప్రిపోజిషన్, కొన్నిచోట్ల క్రియకు ముందు వచ్చే గుర్తు మాత్రమే. 'ఐ వాంట్ టు మీట్ యు' సరైనదే. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' మాత్రం సరికాదు, అక్కడ 'మీటింగ్ యు' అనాలి. సందేహం వచ్చినప్పుడు 'టు' తర్వాత ఒక నామవాచకాన్ని పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్' కుదిరింది కాబట్టి అది ప్రిపోజిషన్, దాని తర్వాత 'ఇంగ్' రావాలి. 'వాంట్ టు ది హాలిడేస్' కుదరలేదు కాబట్టి అక్కడ మామూలు క్రియే వస్తుంది.

'ఆఫ్టర్ ఫినిషింగ్ ది వర్క్' అని మొదలుపెట్టినప్పుడు ఇంకొక నియమం కూడా వర్తిస్తుంది. పని పూర్తి చేసినవారే తర్వాతి భాగంలో కర్తగా ఉండాలి. 'ఆఫ్టర్ ఫినిషింగ్ ది వర్క్, షి స్విచ్డ్ ఆఫ్ ది లైట్స్' బాగుంది. 'ఆఫ్టర్ ఫినిషింగ్ ది వర్క్, ది లైట్స్ వెంట్ ఆఫ్' అంటే లైట్లే పని ముగించాయన్న అర్థం వస్తుంది. ఈ నియమం మనకు కొత్తది కాదు. 'పని ముగించి ఆమె లైట్లు ఆర్పింది' అంటాం గానీ, 'పని ముగించి లైట్లు ఆరిపోయాయి' అంటే తెలుగు చెవి ఒప్పుకోదు. 'ముగించి', 'వెళ్లి', 'చూసి' వంటి క్త్వార్థక రూపాలకు, వాటి తర్వాతి క్రియకు మామూలుగా కర్త ఒకటే కావాలి. ఇంగ్లీషు వాక్యం రాసి, తెలుగులో 'ముగించి' అని మనసులో అనుకుని చూడండి. కర్తలు వేరైతే కంజంక్షన్‌కు మారండి: 'ఆఫ్టర్ షి ఫినిష్డ్ ది వర్క్, ది లైట్స్ వెంట్ ఆఫ్.'

నాలుగో అడుగు: కాలం చెప్పే మాటల దగ్గర నిదానించండి

మన భాషకూ ఇంగ్లీషుకూ పొంతన కుదరని చోట్లు ఇక్కడే ఎక్కువ, కాబట్టి ఈ అడుగు మీద ఎక్కువ సమయం వెచ్చించండి.

'నుంచి' అన్న మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. '2019 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అన్నప్పుడు అది మొదలైన క్షణం. 'ఐదేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అన్నప్పుడు అది గడిచిన వ్యవధి. ఇంగ్లీషులో మొదటిదానికి 'సిన్స్', రెండోదానికి 'ఫర్' కావాలి. క్రియ కూడా 'ఐ యామ్ వర్కింగ్' కాకుండా 'ఐ హావ్ బీన్ వర్కింగ్' అవుతుంది. 'నుంచి'కి ముందున్నది క్యాలెండరులోనో గడియారంలోనో వేలుపెట్టి చూపగల చోటైతే 'సిన్స్', కొలతైతే 'ఫర్'.

'బై', 'అంటిల్' విషయంలో తెలుగే మనకు దారి చూపుతుంది. 'ఐదింటికల్లా', 'ఐదింటిలోపు' అన్నచోట 'బై'. 'ఐదింటి దాకా', 'ఐదింటి వరకు' అన్నచోట 'అంటిల్'. 'ఐ విల్ ఫినిష్ బై ఫైవ్' అంటే ఐదు దాటకుండా పని ముగుస్తుంది. 'ఐ విల్ వెయిట్ అంటిల్ ఫైవ్' అంటే ఐదు వరకూ నిరీక్షణ సాగుతుంది. కాలం చెప్పేటప్పుడు 'బై' ప్రిపోజిషన్ మాత్రమే, 'అంటిల్' కంజంక్షన్‌గా కూడా పనిచేస్తుంది. 'ఆమె వచ్చేసరికి' అన్న వాక్యం కావాలంటే 'బై' ఒక్కటే చాలదు, 'బై ది టైమ్ షి కేమ్' అనాలి.

'ఆయన రానంతవరకు ఆగుదాం' అనే అలవాటు వల్ల 'అంటిల్ హి డజ్ నాట్ కమ్' అనేస్తుంటారు. ఇంగ్లీషులో అక్కడ వ్యతిరేకార్థం అక్కర్లేదు, 'లెట్ అస్ వెయిట్ అంటిల్ హి కమ్స్' చాలు. 'అన్‌లెస్'లో 'లేకపోతే' అన్న అర్థం ముందే ఇమిడి ఉంది, కాబట్టి దాని వెంట కూడా 'నాట్' చేర్చేముందు ఒకసారి సరిచూసుకోండి.

జరగబోయే పని గురించి చెప్పేటప్పుడు 'వెన్', 'బిఫోర్', 'ఆఫ్టర్', 'అంటిల్', 'యాజ్ సూన్ యాజ్' అనే కంజంక్షన్ల వెంట 'విల్' రాదు. 'వెన్ షి కమ్స్, ఐ విల్ టెల్ హర్' అనాలి. షరతు చెప్పే 'ఇఫ్' కూడా మామూలుగా ఇంతే. అయితే 'ఐ డోంట్ నో వెన్ షి విల్ కమ్' తప్పు కాదు. అక్కడ 'వెన్' రెండు పనుల సమయాలను కలపడం లేదు, 'ఎప్పుడు' అన్న ప్రశ్నను వాక్యంలో పొదుగుతోంది. తెలుగులో 'వచ్చినప్పుడు' అనగలిగితే 'విల్' వద్దు, 'ఎప్పుడొస్తుందో' అనవలసి వస్తే 'విల్' ఉండవచ్చు.

ఐదో అడుగు: కంజంక్షన్‌కు, ప్రిపోజిషన్‌కు ముందు తగిన యాడ్‌వెర్బ్‌ను నిలపండి

యాడ్‌వెర్బ్ క్రియ గురించే చెబుతుందన్న నిర్వచనం దగ్గరే చాలామంది ఆగిపోతారు. నిజానికి అది ప్రిపోజిషన్‌ను, కంజంక్షన్‌ను కూడా పదును పెడుతుంది. 'రైట్ బిసైడ్ ది డోర్' అంటే తలుపు పక్కనే, 'సూన్ ఆఫ్టర్ ది మీటింగ్' అంటే సమావేశం అయిన కాసేపటికే, 'ఓన్లీ బికాజ్ యు ఆస్క్డ్' అంటే మీరు అడిగినందుకే. తెలుగులో 'ఏ' అన్న ఒక్క అచ్చుతో తెచ్చే బలాన్ని ఇంగ్లీషులో ఈ చిన్న మాటలు తెస్తాయి. వాటి చోటు ముందే: ముందు యాడ్‌వెర్బ్, తర్వాత ప్రిపోజిషన్ లేదా కంజంక్షన్. మన 'మాత్రమే' మాట వెనుక చేరుతుంది కాబట్టి 'టుడే ఓన్లీ' అనడం అలవాటైంది. 'ఓన్లీ టుడే' అన్నదే అన్నిచోట్లా చెల్లే వరుస.

ఏ యాడ్‌వెర్బ్ అయినా ఎక్కడైనా కుదురుతుందనుకోకండి. 'చాలా ముందు' అన్న అర్థంలో 'వెరీ బిఫోర్' అనరు, 'లాంగ్ బిఫోర్' అంటారు. 'రెండు రోజుల ముందు' అనడానికి కొలతనే యాడ్‌వెర్బ్ చోటులో పెట్టి 'టూ డేస్ బిఫోర్ ది ఎగ్జామ్' అనవచ్చు.

'ఈవెన్' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది యాడ్‌వెర్బే తప్ప కంజంక్షన్ కాదు. 'ఈవెన్ ఇట్ రెయిన్డ్, హి వెంట్' అనడం కుదరదు, దాని వెంట 'దో' గానీ 'ఇఫ్' గానీ ఉండాలి. ఆ రెండింటిలో ఏది? 'వర్షం పడినా వెళ్లాడు', 'వర్షం పడినా వెళ్తాడు' అన్న వాక్యాలను చూడండి. 'పడినా' రెండింటిలోనూ ఒకటే. మొదటిదాంట్లో వర్షం నిజంగా పడింది కాబట్టి 'ఈవెన్ దో ఇట్ రెయిన్డ్, హి వెంట్'. రెండోదాంట్లో పడుతుందో లేదో తెలియదు, పడుతుందని అనుకుంటున్నాం అంతే, కాబట్టి 'ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, హి విల్ గో'. జరిగినదానికి 'దో', ఊహకు 'ఇఫ్'.

ఆరో అడుగు: క్రియను అంటుకున్న చిన్న మాటను పరీక్షించండి

'లుక్ అప్ ది వర్డ్', 'లుక్ ఎట్ ది వర్డ్' అన్నవి పైకి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నామవాచకాన్ని తీసి 'ఇట్' పెట్టండి. మొదటిది 'లుక్ ఇట్ అప్' అవుతుంది, రెండోది 'లుక్ ఎట్ ఇట్'గానే ఉంటుంది. సర్వనామం మధ్యలోకి వచ్చిందంటే ఆ చిన్న మాట యాడ్‌వెర్బ్, రాలేదంటే ప్రిపోజిషన్. 'టర్న్ ఆఫ్ ది లైట్' అనవచ్చు, 'టర్న్ ది లైట్ ఆఫ్' అనీ అనవచ్చు, కానీ సర్వనామమైతే 'టర్న్ ఇట్ ఆఫ్' ఒక్కటే దారి. రెండూ కలిసి వచ్చే క్రియలూ ఉన్నాయి: 'రన్ అవుట్ ఆఫ్ టైమ్', 'పుట్ అప్ విత్ ది నాయిస్', 'గెట్ అలాంగ్ విత్ హర్'. వీటిలో ముందు యాడ్‌వెర్బ్, తర్వాత ప్రిపోజిషన్ వస్తాయి, వాటి కర్మ ఎప్పుడూ చివరనే ఉంటుంది.

ప్రిపోజిషన్ అసలు వద్దన్న చోట్లను క్లుప్తంగా చెబుతాను. 'హోమ్', 'హియర్', 'దేర్', 'అబ్రాడ్' యాడ్‌వెర్బ్‌లు కాబట్టి 'గో హోమ్', 'కమ్ హియర్' అంటే చాలు, 'టు' వద్దు. 'లాస్ట్ వీక్', 'నెక్స్ట్ మంత్', 'ఎవ్రీ డే' ముందు కూడా 'ఇన్', 'ఆన్' పెట్టరు. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' అక్కర్లేదు, 'రీచ్' తర్వాత 'టు' అక్కర్లేదు. 'రిటర్న్'లో 'బ్యాక్' అన్న అర్థం ఉండనే ఉంది.

చివరి అడుగు: తెలుగు వాక్యాన్ని వెనుక నుంచి విప్పి, ఇంగ్లీషులో పేర్చండి

'తలుపు వెనక నుంచి' అనే మాటను ఇంగ్లీషులో 'ఫ్రమ్ బిహైండ్ ది డోర్' అంటారు. తలుపు, వెనక, నుంచి అన్న వరుస అక్కడ పూర్తిగా తిరగబడింది. ప్రిపోజిషన్ మీద ప్రిపోజిషన్ వచ్చినప్పుడు, దాని ముందు యాడ్‌వెర్బ్ చేరినప్పుడు ఈ తిరగబాటే మనకు దారి చూపుతుంది. ఈ వాక్యంతో సాధన చేయండి: 'రైలు కదలడానికి కాస్త ముందు దాకా ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ పక్కనే నిలబడింది.'

ముందు కర్తను, చివరి క్రియను తీసుకోండి: 'షి స్టుడ్'. తర్వాత చోటు, దానికి బలమిచ్చే యాడ్‌వెర్బ్‌తో: 'రైట్ బిసైడ్ ది విండో'. తర్వాత 'మాట్లాడకుండా' అన్న భాగం, ప్రిపోజిషన్ వెంట 'ఇంగ్'తో: 'వితౌట్ టాకింగ్ టు ఎనీవన్'. చివరికి కాలం. 'రైలు కదలడానికి, కాస్త ముందు, దాకా' అన్నదాన్ని వెనుక నుంచి విప్పితే 'అంటిల్ జస్ట్ బిఫోర్ ది ట్రెయిన్ మూవ్డ్' వస్తుంది. అందులో 'అంటిల్' ప్రిపోజిషన్, 'జస్ట్' యాడ్‌వెర్బ్, 'బిఫోర్' కంజంక్షన్.

ఇప్పుడు 'ది ట్రెయిన్ మూవ్డ్' తీసేసి 'మిడ్‌నైట్' పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరదు, 'బిఫోర్' మాత్రం ప్రిపోజిషన్ అవుతుంది. 'అంటిల్' తీసి 'బై' పెట్టి చూడండి. నిలబడడం సాగే పని కాబట్టి వాక్యం ఒప్పదు. 'స్టుడ్' బదులు 'హ్యాడ్ లెఫ్ట్' పెట్టి, 'షి హ్యాడ్ లెఫ్ట్ బై మిడ్‌నైట్' అన్నంతవరకే రాస్తే 'బై' కుదురుతుంది. ఇలా ఒక్కొక్క మాటనే మారుస్తూ, మార్చిన ప్రతిసారీ దాని కుడివైపు ఏం నిలుస్తుందో, ఏం నిలవదో పక్కనే రాసుకుంటూ వెళ్లండి.